ఎడమ మలుపులో టక్‌మన్న బండి

మా పాత కార్ల యార్డులో చెవి మేస్త్రీ కొట్టు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఇరవై ఏళ్ళుగా ఆయన పక్క కొట్లో ఉన్నదాన్ని, ఆయన అసలు పేరు నాకే సరిగ్గా తెలియదంటే నమ్మండి. నేను కార్లకు సీటు కవర్లు కుడతాను. ఆయన పాత కార్లు పరీక్ష చేస్తాడు. కొనబోయేవాళ్ళు బండి తీసుకొస్తే చూసి ఉన్నదున్నట్టు చెబుతాడు. మా దగ్గరికి వచ్చేవన్నీ చిన్న కార్లే. పెద్ద కార్లవాళ్ళు అద్దాల షోరూములకు పోతారు, మా మట్టి నేల వాళ్ళ బూట్లకు పనికిరాదు.

ఆయన పద్ధతి ఆయనది. పొద్దున్నే, ఇంజను ఇంకా ఎవరూ స్టార్ట్ చేయకముందే బండి చూడాలి. ముందు బోనెట్ మీద అరచెయ్యి ఆనిస్తాడు. వెచ్చగా తగిలిందా, "రేపు రండి" అని వెనక్కి తిరిగిపోతాడు. వేడెక్కిన ఇంజను తన రోగాలన్నీ దాచేస్తుందట. ఆ తరువాత జేబులోంచి అయస్కాంతం తీసి తలుపుల మీద తిప్పుతాడు. అంటుకోకపోతే అక్కడ రేకు లేదు, లప్పం ఉందన్నమాట. కార్పెట్టు ఎత్తి వాసన చూస్తాడు. నీళ్ళలో మునిగిన బండి ఎన్ని సెంట్లు కొట్టినా అక్కడ దొరికిపోతుంది. మీటరు వెనక్కి తిప్పారేమోనని అనుమానమొస్తే మీటరు వైపు చూడడు, క్లచ్ పెడలు మీది రబ్బరు చూస్తాడు. "మీటరు ముప్పై వేలంటోంది, ఈ రబ్బరు లక్ష దాటిందంటోంది. ఎవర్ని నమ్మమంటారు?" అని అమ్మేవాణ్ణి అడుగుతాడు. అప్పుడు వాడి మొహం చూసి తీరాలి.

ఇదంతా అయ్యాక బండెక్కి యార్డు చుట్టూ ఒక్క రౌండు. రేడియో పెట్టకూడదు, ఏసీ వెయ్యకూడదు, పక్కన కూర్చున్నవాడు దగ్గకూడదు. అరిగిన బేరింగు, చచ్చిపోయిన షాకబ్జారు, చిల్లుపడ్డ సైలెన్సరు, అన్నీ ఆ ఒక్క రౌండులో చెవితోనే పట్టేస్తాడు. దిగాక బోనెట్ ఎత్తి లోపలి మూలలో పెయింటు పెన్నుతో గుర్తు పెడతాడు. పచ్చ చుక్క పెడితే బండి పర్వాలేదని. ఎర్ర గీత గీస్తే దెబ్బ తిన్న బండి, ఆ సంగతి దాచి అమ్ముతున్నారని. మా యార్డులో అందరూ ముందు ఆ మూల చూశాకే బేరం మొదలుపెడతారు. ఎర్ర గీత పడ్డ బండి రేటు సగానికి పడిపోతుంది, అదీ కొనేవాడు దొరికితే. బ్రోకర్లు కాళ్ళావేళ్ళా పడ్డా ఆయన ఆ గీత చెరపడు.

దూరం నుంచి ఫోన్లు కూడా వచ్చేవి. ఫోను బోనెట్ దగ్గర పెట్టి ఇంజను స్టార్ట్ చేస్తే చాలు, ఇక్కడ స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ "మూడో సిలిండరు, ప్లగ్గు మార్పించు" అనేవాడు. ఒక్కొక్కసారి ఎవరో ఫోను చేసి మాట్లాడకుండా ఊరుకునేవారు. "ఇంజను స్టార్ట్ చెయ్యవయ్యా బాబూ, నాకేం వినపడట్లేదు!" అని యార్డంతా దద్దరిల్లేలా అరిచి, "పనీపాటా లేని వెధవలు" అని పెట్టేసేవాడు. నేను ఆయన గొంతు అనుకరించి మరీ అందర్నీ నవ్వించేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

ఆయనకు ఒక్కడే తమ్ముడు. ఇద్దరికీ పదేళ్ళు తేడా. అమ్మానాన్నా త్వరగా పోతే ఈయనే చంకనేసుకుని పెంచాడు. తమ్ముడు ఫోటోలకు, అద్దాలకు ఫ్రేములు కట్టేవాడు. మధ్యాహ్నం అన్నకు క్యారియరు తెచ్చి, అన్న తింటున్నంతసేపూ నా కొట్టు ముందు కూర్చుని ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేవాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానేది కాదు. అన్న పుట్టినరోజుకని రహస్యంగా కొని దాచిన చొక్కా సంగతి వారం ముందే అన్నకే చెప్పేసిన ఘనుడు. వెంట వాళ్ళ అమ్మాయి వచ్చేది, పదేళ్ళ పిల్ల. కాలు ఒక్కచోట నిలవదని బొంగరం అనేవాళ్ళం. నా కొట్లో గుడ్డముక్కలు, గుండీలు, ఖాళీ దారపు కండెలు, అన్నీ దాని ఆస్తే.

తొమ్మిదేళ్ళ కిందట తమ్ముడు తన కారు అమ్మకానికి పెట్టాడు. చిన్న తెల్ల కారు. అయిదేళ్ళు పసిపిల్లను సాకినట్టు సాకాడు. మెయిన్ రోడ్డు మీద ఒక కొట్టు ఖాళీ అయింది, బండి అమ్మితే దాని అడ్వాన్సుకు సరిగ్గా సరిపోతుంది. సొంత కొట్టు వాడి చిన్నప్పటి కల. కొనడానికి ఒక లెక్కల టీచరు వచ్చింది. ఆమెకు బండి నచ్చింది, రేటు నచ్చింది. "చెవి మేస్త్రీగారు చూసి సరే అంటే ఇప్పుడే తీసుకుంటాను" అంది. తమ్ముడు నవ్వాడు.

"ఆయన మా అన్నయ్యేనండీ. అయినా ఆయన దగ్గర మొహమాటాలుండవు, మీరే చూస్తారుగా" అన్నాడు. ఎంత గర్వంగా అన్నాడో.

బోనెట్ చల్లగా ఉంది. అయస్కాంతం అన్ని తలుపులకూ టపటపా అతుక్కుంది. క్లచ్ బాగుంది, బ్రేకు బాగుంది. రౌండు పూర్తవుతుందనగా, టైర్ల కొట్టు దగ్గర ఎడమ మలుపులో లోపలెక్కడో టక్‌మంది. మేస్త్రీ బండి వెనక్కి తీసి మళ్ళీ ఎడమకు తిప్పాడు. టక్. కుడికి తిప్పాడు, ఏమీ లేదు. మళ్ళీ ఎడమకు, టక్. బండి దిగినప్పుడు ఆయన మొహం గంటు పెట్టుకుని ఉంది.

"ఎక్కడ తగిలించావురా?"

"ఎక్కడా తగిలించలేదన్నయ్యా. ఆ చప్పుడు ఓ నెల్లాళ్ళ నుంచి వస్తోంది. ఏదో చిన్నదే అయ్యుంటుంది. సీటు విప్పి చూద్దామా?"

"విప్పక్కర్లేదు. కింద అడ్డపట్టీ వెల్డింగు వదిలింది. పక్క నుంచి గట్టి దెబ్బ తగిలితేనే అలా వదిలేది. నెల కిందట బండి ఎవరికిచ్చావు?"

"ఎవరికీ ఇవ్వలేదు. మా బొంగరం మీద ఒట్టు."

పిల్ల అక్కడే, నా మిషను పక్కన నిలబడి ఉంది. ఎప్పుడూ ఆగని కాలు ఆ రోజు ఆగి ఉంది. నేను చూశాను గానీ పట్టించుకోలేదు.

"పిల్ల మీద ఒట్లెందుకురా? రేపు ఆవిడ రోడ్డు మీద పోతుంటే ఆ పట్టీ విరిగితే?"

"నా మాట నమ్మవా అన్నయ్యా?"

"నా చెవి ఎప్పుడైనా తప్పిందా?"

సీటు విప్పడమంటే నా పని. నాలుగు బోల్టులు, అరగంట. "ఉండండి మేస్త్రీగారూ, విప్పి చూపిస్తాను" అని నేనొక్క మాట అనుంటే అక్కడితో అయిపోయేది. కానీ ఆ పూట ఒక ట్యాక్సీవాడి కవర్లు ఇచ్చెయ్యాలి. పైగా ఆయన చెవి తప్పుతుందని నాకూ తోచలేదు. మిషను మీద నుంచి కాలు తియ్యలేదు.

మేస్త్రీ బోనెట్ ఎత్తి ఎర్ర గీత గీశాడు, సొంత తమ్ముడి బండికి. టీచరు దండం పెట్టి వెళ్ళిపోయింది. ఆయన నిజాయితీ గురించి యార్డంతా నెల రోజులు కథలు కథలుగా చెప్పుకుంది. నేనూ చెప్పాను, ఆ సంగతి దాచుకుని లాభం లేదు.

తమ్ముడు బండిని సగం ధరకు ఒక బ్రోకరుకు ఇచ్చేశాడు. మెయిన్ రోడ్డు కొట్టు వేరేవాళ్ళకు పోయింది. నెల తిరక్కుండా పెళ్ళాన్నీ పిల్లనీ తీసుకుని వేరే ఊరికి, ఎవరి కొట్లోనో పనికి వెళ్ళిపోయాడు. వెళ్తూ అన్నకు చెప్పలేదు. "తప్పు చేసినవాడే రావాలి" అని ఈయన బిగుసుకు కూర్చున్నాడు. మొదట కోపం, ఆ తరువాత బింకం, ఇంకా తరువాత మొహం చెల్లకపోవడం. మధ్యాహ్నం క్యారియరు వేళకు మాత్రం ఆయన కళ్ళు గేటు వైపు వెళ్ళేవి. హోటలు నుంచి తెప్పించుకున్నది సగం తిని సగం కుక్కలకు పెట్టేవాడు.

రెండేళ్ళ కిందట తమ్ముడు గుండె ఆగి పోయాడని కబురొచ్చింది. ఈయన వెళ్ళి, జనం వెనకాల నిలబడి చూసి, ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగొచ్చాడు. మర్నాడు పనికి వచ్చాడు.

"ఆఖరిదాకా ఒప్పుకోలేదమ్మాయ్, ఎక్కడ తగిలించాడో" అన్నాడు నాతో. నాకు మనవడు పుట్టినా ఆయనకు నేను అమ్మాయినే.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మనిషి పోయాడు, ఇంకా ఆ బండి గోలేనా మేస్త్రీగారూ?" అన్నాను. ఆయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. అలా అన్నందుకు నేను కూడా ఏడ్చాను.

మొన్న చలికాలంలో ఒక నర్సు బండి కొనుక్కోవాలని బ్రోకరును వెంటపెట్టుకుని వచ్చింది. బూడిద రంగు చిన్న కారు. మేస్త్రీ మామూలుగానే చూసుకుంటూ పోయాడు. క్లచ్ బరువెక్కింది, సైలెన్సరు తుప్పు పట్టింది, ఏసీలో గ్యాసు నిలవట్లేదు, రంగు మార్చారు. పద్నాలుగేళ్ళ బండికి ఇవన్నీ ఉండేవే అన్నాడు. రౌండు కొట్టాడు. టైర్ల కొట్టు దగ్గర ఎడమ మలుపులో టక్‌మంది. నాకు మిషను చప్పుడులోనే వినిపించింది, ఎందుకు వినిపించిందో నేను చెప్పలేను. ఆయన దిగి బోనెట్ ఎత్తాడు. లోపలి మూలలో పాత తెల్ల రంగు మీద ఎర్ర గీత ఉంది. గీత చివర కొంచెం పైకి వంకర పోయి ఉంది, ఆయన చెయ్యే.

"ఎర్ర గీత బండని నాకు తెలుసండీ" అంది నర్సు. "అందుకేగా చవగ్గా వస్తోంది. నా జీతానికి ఇదే దొరికింది. నడిపితే ప్రమాదం లేదంటే చాలు. ఆ సీట్లు కూడా మార్పించాలి, ఒకటే వాసన."

సీట్లు మార్చాలంటే విప్పాలి. విప్పాను. అరగంట కూడా పట్టలేదు. కార్పెట్టు ఎత్తితే కింద అడ్డపట్టీ కనిపించింది. ఈ పక్క నుంచి ఆ పక్కకు లోపల బోలుగా ఉండే ఇనప పట్టీ. దాని మీద ఒక రంధ్రం, మూసి ఉండాల్సిన రబ్బరు మూత లేదు. మేస్త్రీ టార్చి వేసి అంగుళం అంగుళం చూశాడు. వెల్డింగు చెక్కు చెదరలేదు.

"బాగానే ఉందేమిటిది?" అన్నాడు తనలో తాను.

జాకీ పెట్టి బండిని ఒక పక్కకు ఎత్తించాడు. పట్టీ లోపల ఏదో గరగరా దొర్లి టక్‌మంది. నేను తీగ చివర జిగురు టేపు చుట్టి రంధ్రంలోకి దించాను. మూడుసార్లు జారిపోయింది. నాలుగోసారి పైకొచ్చింది, గోళీ. నీలం చారలున్న గాజు గోళీ. ఎడమకు తిరిగితే కుడి చివరకు దొర్లి ఇనుముకు కొట్టుకుంటోంది. కుడికి తిరిగితే అవతలి చివర పేరుకున్న తుక్కులో మెత్తగా ఆగిపోతోంది. తొమ్మిదేళ్ళుగా అది చేస్తున్నది అంతే.

దాన్ని ఆయన అరచేతిలో పెట్టాను. "ఇదేమిటమ్మాయ్?" అని అడిగాడు, గోళీ అనేదాన్ని ఎన్నడూ చూడనట్టు. ఆయన అక్కడే మట్టిలో చతికిలబడిపోయాడు. "వాడు విప్పి చూద్దామన్నాడు" అన్నాడు. మళ్ళీ అదే మాట. నర్సు కంగారుపడి ఆయన నాడి పట్టుకుని చూసింది.

లేచాక పెట్రోలులో గుడ్డ ముంచి ఎర్ర గీతను తుడవడం మొదలుపెట్టాడు. రంగు పోయింది గానీ గులాబీ మరక ఒకటి మిగిలింది. బ్రోకరు తల దూర్చి "గీత పోయిందిగా మేస్త్రీ, ఇక రేటు మార్చాలి మరి" అన్నాడు. "ఇంకొక్క మాటన్నావంటే ఈ సూది నీ పెదాలకే దించుతా" అన్నాను. నర్సుకు బండి పాత రేటుకే వచ్చింది.

ఆ సాయంత్రం మేస్త్రీ యార్డులో అందర్నీ పిలిచి గోళీ చూపించాడు. "నేను తప్పు విన్నాను. మా తమ్ముడు దెబ్బ దాచలేదు. వాడు చెప్పిందే నిజం" అన్నాడు. ఇక ఆయన పని అయిపోయినట్టే, రేపటి నుంచి ఎవరూ రారు అనుకున్నాను. మర్నాడు పొద్దున్నకల్లా నాలుగు బళ్ళు వచ్చి నిలబడ్డాయి. "పొరపాట్లు ఎవరికి జరగవు లెండి" అన్నారు వచ్చినవాళ్ళు. ఒకడైతే "మీకు తమ్ముడున్నాడా?" అని అడిగాడు. ఆయన ఆ బండి చూడకుండానే పంపేశాడు.

వారం రోజులు ఆయన సరిగ్గా తినలేదు. ఒక రోజు నా కొట్టు ముందు, తమ్ముడు కూర్చునే చోట వచ్చి కూర్చున్నాడు.

"బొంగరానికి చెప్పాలమ్మాయ్, వాళ్ళ నాన్న నిజమే చెప్పాడని. కానీ గోళీ అని చెప్పకూడదు. అది వేసింది ఆ పిల్లే అయ్యుంటుంది, ఇంకెవరు వేస్తారు? తన ఆట వల్ల తండ్రి ఊరొదిలాడని తెలిస్తే తట్టుకుంటుందా? ఆ పాపం నాది. దానికి అంటకూడదు."

"మరి ఏం చెబుతారు?"

"వదులు బోల్టు అంటాను. నువ్వూ రా. నన్ను చూసి తలుపు వేసేస్తే, నువ్వైనా చెబుదువుగాని."

బండ్ల విషయంలో జీవితంలో ఒక్క అబద్ధం ఆడని మనిషి. బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాలుగు గంటలు "వదులు బోల్టమ్మా, వదులు బోల్టు" అని పెదాలు కదుపుతూనే ఉన్నాడు.

ఇస్త్రీ కొట్టు పైన రెండు గదుల ఇల్లు. తమ్ముడి భార్య డ్యూటీకి వెళ్ళింది, బొంగరం తలుపు తీసింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, అచ్చం తండ్రి నవ్వు. తలుపు వెయ్యలేదు. "పెదనాన్నా" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. గోడల నిండా తమ్ముడు కట్టిన ఫ్రేములే. మంచినీళ్ళిచ్చి ఎదురుగా కూర్చుంది. కాలు ఇప్పటికీ ఆడుతూనే ఉంది.

మేస్త్రీ గ్లాసు పట్టుకుని, దాని మొహం చూడకుండా చెప్పేశాడు. బండి మళ్ళీ వచ్చిందనీ, విప్పి చూశామనీ, వెల్డింగు బాగానే ఉందనీ, తనదే తప్పనీ. "మీ నాన్నని అందరి ముందూ అబద్ధాలకోరుని చేశాను తల్లీ. వాడు నిజమే చెప్పాడు."

"మరి ఆ చప్పుడేంటి పెదనాన్నా?"

"బోల్టమ్మా. వదులు బోల్టు."

"ఏ బోల్టు?"

ఏ బోల్టో అనుకోలేదు ఆయన. నాలుగు గంటల బస్సు ప్రయాణంలో ఆ ఒక్కటీ తోచలేదు. "సీటు కింద..." అని ఆగిపోయాడు. చెవులు ఎర్రగా కందిపోయాయి. నేను అందుకుందామని నోరు తెరిచేలోగా ఆ పిల్ల అంది:

"గోళీ కదా పెదనాన్నా? నీలం చారలది."

మేస్త్రీ గ్లాసు కింద పెట్టి దాని మొహం చూశాడు.

"సీటు కింద కార్పెట్టు లేపి, మూత పీకి, ఆ రంధ్రంలో వేస్తే ఎటు నుంచి బయటికొస్తుందో చూద్దామని వేశాను. రాలేదు. మీరు నాన్నని తిడుతున్నప్పుడు అక్కడే ఉన్నాను, భయమేసి చెప్పలేదు. బండి ఇచ్చేసిన మూడో రోజు రాత్రి ఏడుస్తూ నాన్నకి చెప్పేశాను."

"కొట్టాడా?"

"లేదు, పడీ పడీ నవ్వాడు. 'మా అన్నయ్య చెవినే బోల్తా కొట్టించావే' అని. తర్వాత నవ్వు ఆపేసి, 'ఎవరికీ చెప్పకు, మీ పెదనాన్న బతికేది ఆ చెవి మీదే, యార్డులో తెలిస్తే ఆయన్ని ఇంకెవరూ పిలవరు' అన్నాడు. అమ్మకి కూడా చెప్పనివ్వలేదు."

మేస్త్రీ "మరి రాలేదేమే? నా మీద అలిగేగా ఊరొదిలాడు?" అన్నాడు.

"అలగలేదు పెదనాన్నా. 'నా నోరు నాకు తెలుసు, ఆయన ఎదురుగా కూర్చుంటే ఆగదు, చెప్పేస్తాను' అనేవాడు. 'కొంచెం పాతబడ్డాక వెళ్దాం, వచ్చే ఏడు వెళ్దాం' అనేవాడు. ఉండబట్టలేక మీకు ఫోన్ చేసేవాడు, తను పనిచేసే కొట్టు ఫోన్లోంచి. మాట్లాడకుండా మీ గొంతు వినేవాడు. మీరు 'ఇంజను స్టార్ట్ చెయ్యవయ్యా బాబూ' అని అరుస్తారటగా? ఇంటికొచ్చి అది నాకు మీలాగే యాక్ట్ చేసి చూపించేవాడు. ఆ రోజంతా హుషారుగా ఉండేవాడు."

ఆ మూగ ఫోన్లు ఆగిపోయి రెండేళ్ళయిందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. మేస్త్రీ జేబులోంచి గోళీ తీసి బల్ల మీద పెట్టాడు. అది కాస్త దొర్లింది. బొంగరం దాన్ని అరచేత్తో ఆపి, అలాగే పట్టుకుని, ఆయన మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది. ఆయన దాని తల నిమురుతూనే ఉన్నాడు. గోళీ ఆ పిల్ల దగ్గరే వదిలేసి వచ్చాం.

బస్‌స్టాండులో బెంచీ మీద ఆయన నా వైపు తిరిగాడు.

"అమ్మాయ్, ఎక్కడో ఉన్న బండిలో ప్లగ్గు పోతే ఫోన్లో వినపడింది నాకు. వాడు నా చెవిలోనే ఊపిరి తీస్తుంటే వినపడలేదేమిటి?"

బస్సు వచ్చింది, చెయ్యి పట్టుకుని ఎక్కించాను.